పారిశ్రామిక భద్రతలో ప్రవర్తనా మనోవిజ్ఞానం: గుంటూరు, ప్రకాశం పత్తి–మిరప ప్రాంతం

పనిచోట మనిషి ఏ పనిని ఏ తీరున చేస్తున్నాడు, అలా చేయడానికి అతన్ని పురిగొల్పింది ఏమిటి, చేసిన వెంటనే అతనికి ఏం ఒరిగింది అన్న మూడు సంగతులను కళ్లతో చూసి, లెక్కగట్టి, దెబ్బ తగలని పద్ధతి చేతికి అలవాటయ్యేలా చేసే ప్రయత్నాన్ని ప్రవర్తన ఆధారిత భద్రత అంటారు. ప్రవర్తనా మనోవిజ్ఞానం దీనికి పునాది. ఉక్కు, సిమెంటు, చమురు శుద్ధి వంటి భారీ పరిశ్రమల్లో ఇది కొన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉంది. పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లులు, శీతల గిడ్డంగులు, రాతి క్వారీలు పక్కపక్కనే ఉన్న గుంటూరు, ప్రకాశం నేల మీద నిలబడి చూస్తే ఈ శాస్త్రం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ తెలుస్తాయి.

ప్రాంతం అంటే ఇక్కడ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఇందులో పెద్ద భాగం పల్నాడు, బాపట్ల జిల్లాలైంది. నల్లరేగడిలో పత్తి, మిరప పండుతాయి, వాటి వెనకాలే యంత్రాలు వచ్చాయి. గుంటూరు, సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు చుట్టుపక్కల జిన్నింగ్, ప్రెస్సింగ్, నూలు మిల్లులు ఉన్నాయి. మిరప నిల్వ కోసం గుంటూరు చుట్టూ వందకు పైగా శీతల గిడ్డంగులు లేచాయి. మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, చీమకుర్తి, బల్లికురవల్లో గ్రానైట్ క్వారీలు, మార్టూరు దారిలో రాయి కోసే, మెరుగుపెట్టే యూనిట్లు కనిపిస్తాయి. ఉక్కు కర్మాగారంలో ఉన్నట్టు ఒకే ఆవరణలో వేలమంది, ఒక భద్రతాధికారి, ఒక శిక్షణ కేంద్రం ఇక్కడ అరుదు. ఇరవై ముప్పై మంది పనివాళ్లు, ఒక మేస్త్రీ, ఒక ఫిట్టరు, ఒక గుమస్తా ఉంటే మిల్లు నడిచిపోతుంది. పనీ ఏడాది పొడవునా ఒక్క తీరున ఉండదు. దసరా తరవాత పత్తి, సంక్రాంతి తరవాత మిరప. సరుకు వచ్చిన నాలుగైదు నెలల్లోనే ఏడాది సంపాదన అంతా తేలాలి.

మిరప మంట, పత్తి దుమ్ము

కారం మిల్లులో అడుగుపెట్టిన ఏ ఆడమనిషికీ ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. తొడిమలు తీసే కూలీలు తువ్వాలును ముక్కు మీదుగా తిప్పి మెడ వెనక ముడేస్తారు, చేతులకు నూనె రాసుకుంటారు, పని ముగిసేదాకా కళ్లను వేలితో తాకరు. ఏ శిక్షణ కేంద్రమూ ఈ జాగ్రత్తలు నేర్పలేదు, మిరపకాయే నేర్పింది. మిరపలోని క్యాప్సైసిన్ మన శరీరంలో వేడిని గుర్తించే గ్రాహకాలనే తట్టి లేపుతుంది కాబట్టి ఆ మంట క్షణాల్లో తెలుస్తుంది. (ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.) తప్పు చేసిన మరుక్షణం శిక్ష పడుతుంది, ప్రతిసారీ పడుతుంది. అందుకే మిరప దగ్గర జాగ్రత్త తల్లి నుంచి కూతురికి మాటల్లేకుండానే అందుతుంది.

అదే మనిషి పక్క ఊళ్లోని జిన్నింగ్ మిల్లుకు వెళ్తే ముక్కుకు గుడ్డ ఉండదు. అక్కడ గాలిలో తేలేది తెల్లటి నూగు. గొంతులో కొంచెం గరగర తప్ప ఆ రోజుకు ఏమీ కాదు. ఏళ్లు గడిచాక ఛాతీ పట్టేస్తుంది. పత్తి దుమ్ముతో వచ్చే ఈ జబ్బును వైద్యులు బిస్సినోసిస్ అంటారు. దీని మొదటి దశకు ఒక గుర్తు ఉంది: సెలవు రోజు గడిచి మళ్లీ పనిలోకి దిగిన మొదటి రోజున ఆయాసం ఎక్కువగా ఉంటుంది, వారం గడిచేకొద్దీ తగ్గుతుంది. నూలు మిల్లుల దేశాల్లో దీన్ని సోమవారం జబ్బు అనేవారు. 1948 కర్మాగారాల చట్టం ప్రభుత్వానికి విధిగా తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో దీన్ని చేర్చింది. మిల్లులో పనివాళ్ల నమ్మకం వేరు: దిగేటప్పుడు చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దుమ్మంతా పోతుందని. బెల్లంతో గొంతుకు హాయి వెంటనే దొరుకుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన దుమ్ము మాత్రం అక్కడే ఉంటుంది. వెంటనే హాయినిచ్చే బెల్లం పక్కన ఉక్కపోసే మాస్కు ఓడిపోతుంది.

ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే ప్రవర్తనా మనోవిజ్ఞానంలోని అసలు సూత్రం అర్థమవుతుంది. మనిషి చేసే పనిని నిలబెట్టేది ఆ పని వెంట వచ్చే పర్యవసానం. అది ఎంత త్వరగా వస్తే, ఎంత కచ్చితంగా వస్తే అంత బలంగా పనిచేస్తుంది. ఇరవై ఏళ్ల తరవాత రావచ్చేమో అనిపించే ఆయాసం ఈ క్షణపు ఉక్కపోతతో పోటీపడలేదు. పొలంలో పురుగుమందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ, చేతులకు తొడుగు లేకపోవడానికి కారణం కూడా ఇదే. ఎండలో ఆ తొడుగు ఇప్పుడే బాధిస్తుంది, మందు సాయంత్రానికో మర్నాటికో. పనివాడు తెలివితక్కువవాడనీ, నిర్లక్ష్యం మనిషనీ తేల్చేసేవాళ్లు ఈ లెక్కను చూడలేదు. అదే మనిషి మిరప దగ్గర ఎంత జాగ్రత్తగా ఉన్నాడో వాళ్లు గమనించి ఉంటే ఆ మాట అనేవాళ్లు కాదు.

ఫీడింగ్ గట్టు మీద మూడు సెకన్లు

డబుల్ రోలర్ జిన్నులో రెండు రోలర్లు తిరుగుతుంటాయి. రోలరుకు ఆనుకుని కదలని కత్తి, ఎదురుగా వేగంగా ఆడే కత్తి ఉంటాయి. రోలరు దూదిని లాక్కుపోతుంటే కత్తులు గింజను వెనక్కి నెట్టేస్తాయి. పత్తి బరువులో ఇంచుమించు మూడో వంతు దూది, మిగిలింది గింజ. దూది ప్రెస్సుకు చేరి 170 కిలోల బేలుగా కట్టబడుతుంది. గింజ నేలలో ఉన్న కాలువలో స్క్రూ కన్వేయరు మీద బయటికి పోతుంది.

పాత తరహా మిల్లులో జిన్నుకు పత్తి అందించే గట్టు మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. తడి తగిలిన పత్తి ముద్ద ఒకటి రోలరు దగ్గర ఇరుక్కుంటుంది. ఆమె ముందు రెండు దారులున్నాయి. ఫిట్టరును కేకేసి, యంత్రం ఆపించి, ముద్ద తీయించి, మళ్లీ మొదలుపెట్టించడం ఒకటి. అయిదు నిమిషాలు పడుతుంది. వరసలో మిగతా జిన్నులు ఆడుతుంటే తన ఒక్క దాని దగ్గరే పత్తి పేరుకుపోతుంది. కింద నుంచి మేస్త్రీ అరుస్తాడు: "ఏందమ్మా, ఏడ ఆగింది?" రెండో దారి చెయ్యి పెట్టి ముద్దను లాగేయడం. మూడు సెకన్లు. రోలరు మళ్లీ ఆడుతుంది, మేస్త్రీ కేక వినపడదు. ఆ రోజు అలా పదిసార్లు లాగుతుంది, ఏమీ కాదు. ఆ వారంలోనూ ఏమీ కాదు. లాగిన ప్రతిసారీ దొరికింది లాభమే. ఎప్పుడో ఒకసారి గాజు తగులుతుంది, లేదా పైట చెంగు ఇరుసుకు చుట్టుకుంటుంది.

తనిఖీకి వచ్చినవాళ్లు ఆ తరవాత రాసే వాక్యం "కార్మికురాలి అజాగ్రత్త" అని. ఇంటిదగ్గర వాళ్లు అనుకునేది "గాచారం బాగాలేదు" అని. ఈ రెండు మాటలూ ఒకే పని చేస్తాయి: ఆ గట్టు మీద చెయ్యి పెట్టడాన్ని రోజూ లాభసాటిగా చేసిన ఏర్పాటును చూపు నుంచి తప్పిస్తాయి. ప్రవర్తనను నిజంగా చదివినవాడు చెయ్యి పెట్టిన ఆమెను చూసి ఊరుకోడు. మేస్త్రీ అరుపు ఆమెకు ఏం నేర్పిందో, యంత్రం ఆపడానికి దగ్గర్లో స్విచ్ ఉందో లేదో, ముద్ద తీయడానికి కొక్కెం కర్ర చేతికందే దూరంలో ఉందో లేదో చూస్తాడు.

శాస్త్రం ఎక్కడ నుంచి వచ్చింది

అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ (1904–1990) జంతువుల మీద చేసిన ప్రయోగాలతో పర్యవసానాలు ప్రవర్తనను ఎలా మలుస్తాయో చూపించాడు. భద్రతా రంగంలో అంతకు ముందే మరో పేరు స్థిరపడింది. బీమా కంపెనీలో పనిచేసిన హెచ్.డబ్ల్యు. హైన్రిక్ 1931లో వెలువరించిన పుస్తకంలో ప్రమాదాల్లో 88 శాతం పనివాళ్ల అసురక్షిత చేష్టల వల్లేనని రాశాడు. ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, గాయం లేకుండా తప్పిపోయిన 300 సంఘటనలు ఉంటాయన్న లెక్కా అతనిదే. తప్పిపోయిన ప్రమాదాలను లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన మంచిది. 88 శాతం అన్న మాట మాత్రం చాలా కీడు చేసింది. అతని లెక్కలకు ఆధారాలేమిటో తరవాతివాళ్లు సరిచూడలేకపోయారు. ప్రమాద నివేదికలు రాసింది ఎక్కువగా యాజమాన్యం తరఫువాళ్లు కాబట్టి నింద పనివాడి మీదికి జారడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆ సంఖ్య ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో గోడ మీద కనిపిస్తుంది.

స్కిన్నర్ సూత్రాన్ని పనిచోట జాగ్రత్తగా కొలిచి చూపినవారిలో జూడి కొమాకి ముందు వరసలో ఉంటుంది. ఆమె బృందం 1978లో ప్రచురించిన అధ్యయనం అమెరికాలోని ఒక ఆహార తయారీ కర్మాగారంలో, రెండు విభాగాల్లో జరిగింది. "జాగ్రత్తగా ఉండండి" లాంటి మాటలను పక్కన పెట్టి, ఏది సురక్షితమైన పద్ధతో, ఏది కాదో స్పష్టమైన చేష్టలుగా రాసుకున్నారు. ముందుగా ఏమీ మార్చకుండా కొన్నాళ్లు గమనించారు. సురక్షితంగా జరిగిన పనుల వాటా ఒక విభాగంలో 70 శాతం, రెండోదాంట్లో 78 శాతం. తరవాత పనివాళ్లకు ఫొటోలతో వివరించి, రోజువారీ ఫలితాన్ని అందరికీ కనపడేలా గ్రాఫుగా గోడకు పెట్టారు, సూపర్‌వైజర్లు మెచ్చుకోవడం నేర్చుకున్నారు. వాటా 96, 99 శాతాల దాకా లేచింది. ఆ గ్రాఫు తీసేశాక మళ్లీ మొదటికొచ్చింది. ఈ చివరి సంగతి చాలామంది చెప్పకుండా దాటవేస్తారు. నా దృష్టిలో అధ్యయనానికి ప్రాణం అదే. ఒకసారి శిక్షణ ఇచ్చి వదిలేస్తే మిగిలేది ఏమీ ఉండదు. పర్యవసానం ఆగిన చోట ప్రవర్తన ఆగుతుంది.

ఇజ్రాయెల్ పరిశోధకుడు డోవ్ జోహార్ 1980లో భద్రతా వాతావరణం అన్న భావనను కర్మాగారాల్లో కొలిచాడు: యాజమాన్యానికి భద్రత నిజంగా ముఖ్యమా అన్న విషయంలో పనివాళ్లకున్న అంచనా. బ్రిటిష్ మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ 1990లో మానవ తప్పిదాలను విడదీసి చెప్పాడు. చెయ్యి జారడం వేరు, మరిచిపోవడం వేరు, తప్పుగా అర్థం చేసుకోవడం వేరు, తెలిసీ నియమం దాటడం వేరు. వీటన్నిటికీ మందు ఒకటి కాదు. చెయ్యి జారేవాడికి ఉపన్యాసం పనికిరాదు, అతనికి యంత్రం చుట్టూ కంచె కావాలి. జపాన్ రైల్వేలో సిగ్నల్‌ను వేలితో చూపించి గొంతెత్తి పలకడమన్న అలవాటు మరిచిపోవడానికి కనిపెట్టిన మందు. భారతదేశంలో జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న ఏర్పడింది, ఆ రోజునే ఏటా జాతీయ భద్రతా దినోత్సవం జరుపుతారు. ప్రతిజ్ఞ, నినాదాలు, బహుమతులతో ఆ రోజు గడుస్తుంది. ప్రతిజ్ఞ పనికి ముందు పురిగొల్పేదే, పని వెంట వచ్చే పర్యవసానం కాదు కాబట్టి మర్నాటికి దాని పట్టు సడలుతుంది.

బస్తాకు ఇంత

ఈ ప్రాంతంలో ప్రవర్తనను అన్నిటికన్నా బలంగా నడిపించేది కూలి లెక్క. గుంటూరు మిర్చి యార్డులో సీజను ఊపందుకుంటే రోజుకు లక్ష టిక్కీలు (మిరప బస్తాలు) దాటడం మామూలే. దించడం, కాటా వేయడం, లారీకి ఎత్తడం, శీతల గిడ్డంగిలో మెట్లెక్కి అరల్లో పేర్చడం అంతా హమాలీల వీపుల మీదే జరుగుతుంది. కూలి బస్తా లెక్కన వస్తుంది, ముఠా సభ్యులు పంచుకుంటారు. నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తమని, ఇద్దరు కలిసి పట్టుకోమని, తడిసిన మెట్ల మీద ఆగమని బోర్డు రాసిపెట్టవచ్చు. ఆగిన ప్రతి నిమిషం ముఠాలో అందరి కూలిలోంచీ పోతుంది. నెమ్మదిగా నడిచినవాడు తోటివాళ్లకు భారమవుతాడు. నియమం ఒకవైపు, కూలి ఒకవైపు లాగితే గెలిచేది కూలే. వేగానికి డబ్బిచ్చి జాగ్రత్తకు బోర్డు కట్టిన యాజమాన్యం తాను ఏం కోరుకుంటున్నదో పనివాళ్లకు ఎప్పుడో చెప్పేసింది.

అయితే ముఠాలో ఒక బలం ఉంది, దాన్ని భద్రతా నిపుణులు సరిగ్గా వాడుకోలేదు. ముఠా మేస్త్రీ తనవాళ్లతో కలిసి మోస్తాడు. ఒకరి నడుం విరిగితే ఆ లోటు అందరిదీ. పరిశీలకుడు కార్యాలయం నుంచి రాకుండా ముఠాలోంచే, వారానికొకరు చొప్పున వస్తే ఆ మాటకు విలువ ఉంటుంది. "ఒరే అబ్బాయ్, ఆ మెట్టు తడిగా ఉంది, గోనె పరిచి ఎక్కండిరా" అన్నమాట తోటి హమాలీ నోట వస్తే సాయం, సూటు వేసుకున్నవాడి నోట వస్తే తనిఖీ.

పెద్ద కంపెనీల్లో మరో పొరపాటు తరచూ జరుగుతుంది. ఇన్ని రోజులు ప్రమాదం లేకుండా గడిస్తే విభాగమంతటికీ బహుమతి అని ప్రకటిస్తారు. వేలు తెగినవాడు బహుమతి పోతుందని గుడ్డ చుట్టుకుని ఊరుకుంటాడు. గాయాలు తగ్గవు, గాయాల లెక్క తగ్గుతుంది. అమెరికా వృత్తి భద్రతా సంస్థ 2012లో ఇలాంటి పథకాల మీద తన అధికారులను హెచ్చరించింది. బహుమతి ఇవ్వాలనుకుంటే ప్రమాదం తృటిలో తప్పిందని వచ్చి చెప్పినవాడికి ఇవ్వాలి.

చిన్న మిల్లులో ఎలా చేస్తారు

పద్ధతి కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలి. మొదట ఆ మిల్లులో నిజంగా దెబ్బలు తగిలే అయిదారు పనులను ఎంచుకోవాలి. వాటిని కంటికి కనపడేలా రాయాలి. "అప్రమత్తంగా ఉన్నాడా" అన్నది ఎవరూ కొలవలేరు. "ఇరుక్కున్న ముద్దను కొక్కెం కర్రతో తీశారా", "పైట చెంగు నడుంలో దోపుకుని పై నుంచి చొక్కా తొడుక్కున్నారా", "స్క్రూ కాలువ మీద మూత ఉందా", "బేలు ప్రెస్సు తలుపు మూశాకే పంపు వేశారా" అన్నవి ఎవరైనా చూసి అవును, కాదు అని గీత పెట్టగలరు. యాభై సార్లు గమనిస్తే ముప్పై అయిదు సార్లు సరిగ్గా జరిగిందనుకుందాం, వాటా 70 శాతం. పేర్లు రాయకూడదు. పేరు రాసిన రోజున ఆ కాగితం జీతం కోసే కత్తి అవుతుంది, ఆ తరవాత ఎవరూ నిజం కనపడనివ్వరు.

ఫలితాన్ని గోడ మీద బొమ్మగా పెట్టాలి. ఈ మిల్లుల్లో, క్వారీల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో దిగుతాయి. తెలుగులో రాసిన హెచ్చరిక వీళ్లలో సగం మందికి గోడ మీది గీతలే. ఆకుపచ్చ గీత పైకి లేచిందా, కిందికి పడిందా అన్నది ఏ భాషవాడికైనా అర్థమవుతుంది.

తరవాతి మెట్టు దగ్గరే చాలా మిల్లులు జారిపోతాయి. కొక్కెం కర్ర ఎందుకు వాడలేదని అడిగితే సమాధానం సాధారణంగా ఒక వస్తువు గురించే ఉంటుంది: కర్ర ఒకటే ఉంది, అది ఫిట్టరు గదిలో ఉంది. స్విచ్ అవతలి గోడకు ఉంది. మాస్కు ఒకసారి ఇచ్చారు, చినిగాక మళ్లీ ఇవ్వలేదు. ఈ అడ్డంకులు తీసేయకుండా గమనిస్తూ కూర్చుంటే పనివాళ్లకు అది నిఘాగానే తోస్తుంది. మంచి పరిశీలన కాగితంలో పనివాడి గురించి రాసినంత పొడవునా యజమాని చేయాల్సిన పనుల గురించీ ఉంటుంది.

మరమ్మతు చేసేటప్పుడు యంత్రం కరెంటును తాళం వేసి ఆపే పద్ధతి గురించి ఒక చిన్న మాట. ఇంగ్లిషులో దాని పేరు లాకౌట్. మన మిల్లుల్లో ఆ మాటకు యాజమాన్యం గేటు మూసి కూలీలను బయటికి నెట్టడమన్న అర్థం ఎప్పటినుంచో ఉంది. శిక్షణలో ఆ మాట వాడితే పనివాళ్ల ముఖాలు మారతాయి. "తాళం–చీటీ" అంటే చాలు: మరమ్మతు చేసేవాడే మెయిన్ స్విచ్‌కు తన తాళం వేసి, తన పేరున్న చీటీ కట్టి, తాళంచెవి తన జేబులో పెట్టుకుంటాడు. ఎంతమంది లోపల చెయ్యి పెడితే అన్ని తాళాలు.

యంత్రం మార్చాల్సిన చోట

అలవాటు మార్చడం కన్నా ప్రమాదాన్నే తీసేయడం మేలు. భద్రతా శాస్త్రంలో దీన్ని నియంత్రణల శ్రేణి అంటారు. ప్రమాదాన్ని తొలగించడం పైన, కంచె వేయడం తరవాత, శిక్షణ, నియమాలు, మాస్కులు అట్టడుగున వస్తాయి. ప్రవర్తన మీద పని అంతా ఈ కింది మెట్ల మీదే జరుగుతుంది. 2000లో కేంద్రం మొదలుపెట్టిన పత్తి సాంకేతిక మిషన్‌లో భాగంగా జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లుల ఆధునికీకరణ సాగింది. పత్తిని యంత్రమే జిన్నుకు అందించే ఏర్పాటు ఉన్న చోట గట్టు మీది ఆ మూడు సెకన్ల ప్రశ్న చాలావరకు లేకుండా పోయింది. ఏ పోస్టరూ అంత పని చేయలేదు.

గ్రానైట్ క్వారీల్లో ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. రాతిని కోసే డైమండ్ వైరు తెగితే దాని పూసలు తూటాల్లా ఎగురుతాయి. వైరు తిరిగే వరసలో నిలబడకపోవడం ప్రవర్తన, అడ్డుగా రక్షణ తెర పెట్టడం యంత్రాంగం. రెండూ కావాలి. పైన వదులుగా వేలాడే రాతి అంచు సంగతి వేరు. 2025 ఆగస్టు 3న అప్పటి బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కూలీలు చనిపోయారు. కింద పనిచేసేవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా పైనుంచి పడే కొండను ఆపలేడు. రాతిని మెట్లుగా తొలిచే బెంచీలు ఎంత ఎత్తున తీయాలో, ఎప్పుడు పని ఆపాలో నిర్ణయించేది వేరే మనుషులు. ప్రవర్తనను గమనించే కాగితం వాళ్ల నిర్ణయాలను కూడా గమనించాలి.

శీతల గిడ్డంగుల్లో చల్లదనం కోసం వాడే అమ్మోనియాదీ ఇదే తీరు. గాలిలో కొద్దిగా కలిసినా ఘాటు తెలుస్తుంది, ఆ విషయంలో అది మిరపలాంటిది. ఎక్కువైతే ఊపిరి అందక మనిషి పడిపోతాడు. వాల్వు దగ్గర చిన్న కారుడు మొదలైనప్పుడు ఆపరేటరు ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. గంట కొడితే వందలమంది బయటికి పరిగెత్తాలి, సరుకు ఆగాలి, అది పెద్ద కారుడు కాకపోతే రేపు మాట పడాలి. విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి బయటపడి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ, ఆవరణలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా దాన్ని వాడలేదని తేల్చింది. మీట నొక్కడం ఒక ప్రవర్తన. తప్పుడు గంట కొట్టినవాణ్ణి ఎన్నడూ తిట్టని చోటే ఆ వేలు సమయానికి కదులుతుంది. టెక్సస్ సిటీలో బీపీ చమురు శుద్ధి కర్మాగారం 2005 మార్చి 23న పేలి 15 మంది చనిపోయినప్పుడు బయటపడ్డ సంగతీ ఇలాంటిదే. అక్కడ యాజమాన్యం కాలు జారడాలు, వేళ్లు తెగడాల లెక్కలు బాగున్నాయని నిశ్చింతగా ఉంది. గొట్టాలు, ట్యాంకులు, అలారాల ఆరోగ్యం ఆ లెక్కలో లేదు.

పని గేటు దగ్గర ఆగదు. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరప పనికి వెళ్లి తిరిగివస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని తీగలు మీదపడి తొమ్మిది మంది చనిపోయారు. ట్రాక్టరు తొట్టిలో నిలబడి వెళ్లడం ప్రమాదమని ఆ మనుషులకు తెలియక కాదు. పొద్దున్నే మేస్త్రీ పంపిన బండి అదొక్కటే, ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. ఇక్కడ మార్చాల్సిన ప్రవర్తన బండి పంపినవారిది.

చట్టం, చట్టం అంచు

1948 కర్మాగారాల చట్టం ఈ ప్రాంతపు పనిని దగ్గరగా చూసి రాసినట్టుండేది. 27వ సెక్షను పత్తిని విప్పే కాటన్ ఓపెనరు ఆడుతున్న పత్తి ప్రెస్సింగ్ భాగంలో స్త్రీలను, పిల్లలను పనిలో పెట్టకూడదనేది. పత్తి వేసే చోటుకూ బయటికొచ్చే చోటుకూ మధ్య గోడ ఉంటే వేసే వైపు మాత్రం స్త్రీలు పనిచేయవచ్చనేది. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించాల్సి వచ్చినా, సరిచేయాల్సి వచ్చినా శిక్షణ పొందిన వయోజన పురుషుడే, బిగుతు బట్టలు వేసుకుని చేయాలనేది 22వ సెక్షను, ఆ బట్టలు యజమానే ఇవ్వాలనేది. భోపాల్ దుర్ఘటన తరవాత 1987లో చేర్చిన నిబంధనలు ప్రమాదకర ప్రక్రియలున్న చోట పనివాళ్లకు ముప్పును గురించి హెచ్చరించే హక్కును, భద్రతా కమిటీలో చోటును ఇచ్చాయి. బెదురు లేకుండా నోరు తెరవగలగడమన్న మనస్తత్వ అవసరాన్ని చట్టం అప్పుడు గుర్తించింది.

దెబ్బ తగిలాక లెక్కకట్టే చట్టమూ ఉండేది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 ఉద్యోగుల నష్టపరిహార చట్టం పట్టికలో బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చెయ్యి పోతే 60 శాతం నష్టమని రాసి ఉండేది. పత్తి తీయడం, తొడిమలు తుంచడం రెండూ వేళ్ల కొసలతో చేసే పనులు. వాటినే నమ్ముకున్న మనిషికి బొటనవేలు 30 శాతం కన్నా చాలా ఎక్కువ.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే కర్మాగారం అన్న పాత హద్దు ఇరవైకి పెరిగింది. సీజనులో పదిహేనుమందితో నడిచే జిన్నింగ్ షెడ్డు, పన్నెండుమందితో నడిచే కారం మిల్లు ఈ హద్దుకు అవతల పడతాయి. కర్మాగారాల నిబంధనలు చేరని ఇలాంటి చోట్ల ముఠాలోంచి వచ్చిన పరిశీలకుడు, గోడ మీది గీత, చేతికందే కొక్కెం కర్ర మరింత అవసరం.

మొదలుపెట్టడానికి మిల్లుల్లో ఒక రోజు ముందే ఉంది. దసరాకు ఆయుధపూజ చేస్తారు. ఆ రోజు ప్రతి యంత్రమూ ఆగుతుంది. దుమ్ము దులిపి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. యజమాని, గుమస్తా, ఫిట్టరు, కూలీలు ఒకే చోట నిలబడే రోజు ఏడాదిలో అదొక్కటే, కొత్త పత్తి రావడానికి కొద్ది రోజుల ముందే వస్తుంది. బొట్టు పెట్టబోయే ప్రతి రోలరుకూ కంచె ఉందా, ప్రతి స్క్రూ కాలువకూ మూత ఉందా, ఆపే స్విచ్ గట్టు మీద నిలబడ్డ మనిషి చేతికి అందుతుందా అని ఆ పూట యజమాని తన చేత్తో తడిమి చూడవచ్చు. అందని చోట పూజ కాసేపు ఆపి, ఫిట్టరును పిలిచి, ఆ స్విచ్‌ను అక్కడికి మార్పించవచ్చు.